భాష తెలియని దేశమున బోధకుడు

మన ప్రాంతమునుండి పరదేశములకు బోధకులై పోవువారు నేడు కొందరు కలరు. వారిని సాగనంపునప్పుడు బంధుమిత్రులు జీతమెంత, చలి యెట్లుండును, బియ్యము దొరకునా యని యడుగుదురు. అచ్చటి భాష యేది, దానిని నేర్చుటకేమి యేర్పాటు చేసికొంటివని యడుగువారు మిక్కిలి యరుదు. "అచ్చట బోధన యింగ్లీషులోనే కదా, ఆ భాషతో మనకేమి పని?" యను సమాధానము సిద్ధముగా నుండును. ఈ సమాధానము సరియైనది కాదని నా యభిప్రాయము.

ఇథియోపియా దేశమును దృష్టాంతముగా గైకొందము. 1941లో హైలీ సెలాసీ చక్రవర్తి మరల సింహాసనమెక్కిన పిదప, అచ్చటి పాఠశాలలలో బోధించుటకు భారతీయోపాధ్యాయులు పెక్కురు వెళ్లిరి. ఇటీవలి దశాబ్దములలో అచ్చటి విశ్వవిద్యాలయములలో తెలుగువారును పనిచేసిరి. ఆ దేశపు విద్యార్థులును విశాఖపట్టణమునకు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చదువుకొనిరి. కావున ఆ దేశము మనకు కేవలము పరాయిది కాదు.

అచ్చట దిగిన బోధకుడు, ఎన్ని పట్టములు పొందినవాడైనను, అంగడి పలకలమీది యక్షరములు చదువలేక నిరక్షరాస్యుడగును. వారు గంటలను సూర్యోదయమునుండి లెక్కింతురు. మన యుదయము ఏడు గంటలు వారికి ఒంటిగంట. వారి సంవత్సరమునకు పదమూడు మాసములు. వాటిలో పండ్రెండు ముప్పదేసి దినములవి, కడపటిది అయిదారు దినములది. వారి సంవత్సర సంఖ్య మన క్రీస్తు శకపు లెక్కకు ఏడెనిమిదేండ్లు వెనుకబడి యుండును. అవుననుటకు పలువురు చప్పున ఊపిరి లోనికి పీల్చుదురు. క్రొత్తవాడు దానిని ఉలికిపాటుగా భావించును. మనము అవుననుచు తలను ప్రక్కల కూపినచో, కాదనుచున్నామని వారు భ్రమపడవచ్చును.

అయినను ఓపికతో చూచువానికి పరిచితమైనదియు చాల కనబడును. అమ్హారిక్ లిపిలో ఒక్కొక్క హల్లునకు అచ్చుల ననుసరించి ఏడు రూపములు కలవు. గుణింతము దిద్దిన తెలుగువానికి ఇది వింత కాదు. మన పూర్వులును పొద్దుపొడుపునుండియే గడియలు లెక్కించిరి. టెఫ్ అను సన్నని ధాన్యపు పిండిని పులియబెట్టి, పెద్ద అట్టువలె కాల్చిన ఇంజెరాను అందరు నొకే పళ్లెరముచుట్టు కూర్చుండి తిందురు. ఆదరము చూపదలచినచో ముద్దచేసి అతిథి నోటికందింతురు. దీనిని గుర్షా యందురు. తల్లిచేతి గోరుముద్ద తిన్నవానికి దీని భావము వేరుగ చెప్పనేల?

ఇక ముఖ్యవిషయమునకు వత్తును. 1994 నాటి విద్యావిధానము ప్రాథమిక విద్యకు మాతృభాషను, ఉన్నత పాఠశాలకు ఇంగ్లీషును నిర్ణయించినది. అనగా మన బోధకుడు పలుకు ఇంగ్లీషు అతనికి పరభాష, వినువారికిని పరభాషయే. అట్టి తరగతిలో విద్యార్థి మౌనముగా నున్నచో, అది తెలియకపోవుటయో, మాట దొరకకపోవుటయో విచారింపవలెను. ఈ భేదమెరుగని బోధకుడు చురుకైన పిల్లవానిని మందబుద్ధి యని తలంచును. ఆ తలంపువలన ఆ బాలునకు కలుగు నష్టమును ఏ పరీక్షయు తీర్పజాలదు. ఆ భాషలో నాలుగు మాటలు పలుకబోయి, నోరు తిరుగక, పిల్లలచేతనే దిద్దించుకొనిన బోధకుడు వారు ఇంగ్లీషులో తడబడినప్పుడు నవ్వడు, ఇతరులను నవ్వనీయడు.

"ఆ దేశమున ఎనుబదికి పైగా భాషలున్నవి, రెండేండ్లకై పోవువాడు ఏది నేర్చును?" అని కొందరందురు. ఏ యూర పాఠము చెప్పునో ఆ యూరి సంతలో వినబడు భాష నేర్చిన చాలును. పాండిత్యము కోరుట లేదు. పలకరింపు, అంకెలు, "మరల చెప్పుము", "ఎందుచేత?" అనునవి మొదటి నెలలోనే రావలెను. ఇందువలన ఇంగ్లీషు బోధన చెడునను భయమును వలదు. పాఠము ఇంగ్లీషుననే సాగును, ఈ మాటలు తలుపు తీయు తాళపుచెవి మాత్రమే.

1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెగ్రాంజస్ అను మిషనరీలు తెలుగు నేర్చుటకే మొదట పూనుకొనిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవరల భాషను వారినోటనే నేర్చి, వారి పిల్లలకు ఆ భాషలో చదువు చెప్పించిరి. వారి సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడెను. వారు ఓడ యెక్కి పరదేశమునకు పోలేదు. తమ యూరి చెంతనున్న కొండలవారి మాట విన్నారు.

తలిదండ్రులారా, విద్యార్థులారా! ఈ విషయము పరదేశమునకు పోవువారికే చెందినదని తలంపవలదు. కోయ, సవర, లంబాడి యిండ్లనుండి మన పాఠశాలలకు వచ్చు పసివారికి మన తెలుగు తరగతియే పరదేశము. ఇథియోపియాకు పోయిన బోధకుడు తన యిష్టముతో, జీతమునకై పోయినవాడు. ఈ బిడ్డ ఆరేండ్లప్రాయమున, ఎవరును తన మాట నెరుగని గదిలో ఒంటరిగా కూర్చున్నది. ఉపాధ్యాయులు ఆ బిడ్డ భాషలో పది మాటలైనను నేర్చికొందురుగాక! తోటిపిల్లలు దాని యుచ్చారణకు నవ్వక, ఆ భాషలో నీటినేమందురో, అన్నమునేమందురో అడిగి తెలిసికొందురుగాక! భాష రాని చోట మనకు ఏ యాదరణ కావలెనని కోరుదుమో, దానిని మన గుమ్మములోనికి వచ్చినవారికి ముందుగా చూపుట న్యాయము.