ఉపవాసం నేర్పాం, భోజనం నేర్పామా?

గత మార్చిలో కోయిలకుంట్లలో ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన జరుగుతుండగా పదో తరగతి చదివే అమ్మాయి సొమ్మసిల్లి పడిపోయింది. శ్రమకాల దినాలు, పైగా పబ్లిక్ పరీక్షల రోజులు. మంచి మార్కులు రావాలని ఆ బిడ్డ ఉదయం నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఇది అపవాది క్రియ అంటూ కొందరు తల మీద చేతులుంచి గద్దింపు ప్రార్థన మొదలుపెట్టారు. వెనుక కూర్చున్న ఆశా కార్యకర్త లేచి వచ్చి, బిడ్డ కింది కనురెప్ప లాగి చూసింది. తెల్లగా పాలిపోయి ఉంది. మరునాడు రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది కూడా లేదు. ఉండవలసింది పన్నెండు. ఆ ప్రార్థనలో మేమూ ఉన్నాం. కనురెప్ప లాగి చూడాలని మాకు తోచలేదు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 60 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. మన సండే స్కూల్ పెద్ద తరగతిలో పదిమంది అమ్మాయిలుంటే వారిలో ఆరుగురు ఆ లెక్కలోకి వస్తారు.

బడిలో అన్నం లేదా అంటే ఉంది. వండిన భోజనం పెట్టాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2003 నుంచి మన బడుల్లో పొయ్యి వెలుగుతోంది. ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ఆ పై తరగతుల వారికి 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది నియమం. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారింది. ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుతో నడుస్తోంది. గుడ్డు, చిక్కీ, రాగిజావ కూడా చేరాయి. వారానికొకసారి ఐరన్ మాత్ర, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర ఇస్తారు. పదో తరగతి జీవశాస్త్రంలో పోషణ, శ్వాసక్రియ, రక్తప్రసరణ పాఠాలూ ఉన్నాయి.

పళ్లెం ఉంది, మాత్ర ఉంది, పాఠం ఉంది. ఈ మూడింటినీ కలిపి పిల్లలకు చెప్పేవారే తక్కువ. పాఠం పరీక్ష కోసం, మాత్ర రిజిస్టర్ కోసం అన్నట్లయింది. బలవర్ధక బియ్యం వచ్చిన కొత్తలో ప్లాస్టిక్ బియ్యం కలిపారన్న పుకారు ఊరూరా తిరిగింది. అవి బియ్యపు పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ చేర్చి గింజలుగా ఒత్తినవి. నూరు గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. ఎవరూ చెప్పకపోవడంతో తల్లులు ఆ గింజలనే ఏరి పారేశారు. ఐరన్ మాత్రదీ అదే కథ. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పుడుతుంది, మలం నల్లబడుతుంది. అది సహజమేనని ముందుగా చెప్పకపోతే, భయపడిన పిల్ల రెండో వారం మాత్రను కిటికీలోంచి విసిరేస్తుంది.

చెప్పవలసింది కష్టమైనదేమీ కాదు. మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువును ఒంట్లో ప్రతి మూలకూ మోసుకుపోయేది ఎర్ర రక్తకణం. ఆ మోత దానిలోని ఇనుము వల్లనే సాధ్యం. ఒక్కో కణం సుమారు నూట ఇరవై రోజులు బతుకుతుంది. కాబట్టి ఒళ్లు రోజూ కొత్త రక్తం తయారు చేసుకోవాలి. నెలనెలా రక్తం పోయే ఆడపిల్లకు ఆ అవసరం మరింత ఎక్కువ. ఇనుము తగ్గితే ఆయాసం, నీరసం, చదివింది బుర్రకెక్కకపోవడం వస్తాయి. మనం వాటికి సోమరితనమని పేరు పెడతాం. చెప్పులు లేకుండా మురికి నేలలో తిరిగితే కొంకిపురుగు కాలి చర్మంలోంచి లోపలికి చేరి, పేగుల్లో రక్తం పీలుస్తుంది.

మన నల్లరేగడి నేలలో శనగలు, జొన్నలు, కొర్రలు పండుతాయి. తోటకూర, మునగాకు పెద్ద ఖరీదు కావు. పప్పుల్లో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి సులువుగా పట్టదు. భోజనంలో కాస్త నిమ్మరసమో, తరువాత ఒక జామకాయో ఉంటే బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే పట్టేది కూడా తగ్గుతుంది. వీలైన రోజు కొంచెం మేక కార్జం పెడితే మరీ మంచిది. పత్తి ఏరడానికి తెల్లవారకముందే వెళ్లే తల్లిని మేము తప్పు పట్టడం లేదు. అయితే ఉన్న కూరలో మగపిల్లవాడికి ముందు, ఆడపిల్లకు చివర అనే అలవాటు విశ్వాసుల ఇళ్లలోనూ ఉందని ఒప్పుకోవాలి.

సంఘంగా మన తప్పు మరొకటి ఉంది. ఉపవాసం ఎలా ఉండాలో ఎన్నో ప్రసంగాల్లో నేర్పాం. ఎలా తినాలో ఎన్నడూ నేర్పలేదు. శరీరం దేవుని ఆలయమని చెప్పి, సిగరెట్టు, సారాయి దగ్గరే ఆగిపోయాం. ఉపవాసాన్ని మేము తక్కువ చేయడం లేదు. ఎదిగే బిడ్డలు, గర్భిణులు, షుగర్ ఉన్నవారు పస్తుండాలని సంఘం ఒత్తిడి చేయకూడదని మాత్రం గట్టిగా అంటున్నాం. వేసవి వి.బి.ఎస్.లో రోజుకొక గంట శరీరం గురించిన పాఠం పెట్టవచ్చు. మన సంఘాల్లోనే టీచర్లు, నర్సులు, ఏఎన్‌ఎంలు ఉన్నారు. స్త్రీల సమాజం ఒక ఆదివారం ఆరాధన తరువాత ఆడపిల్లలందరికీ రక్తపరీక్ష జరిగేలా ఆరోగ్య సిబ్బందిని అడగవచ్చు.

యాయీరు కుమార్తెకు పన్నెండేళ్లు. ప్రభువు ఆమెను లేపిన తరువాత ఇంట్లోవారు ఆశ్చర్యంలో మునిగిపోయారు. ఆ బిడ్డకు తినడానికి ఏమైనా పెట్టమని గుర్తు చేసింది ఆయనే. మార్కు సువార్త అయిదో అధ్యాయం ఆ మాటతోనే ముగుస్తుంది. ఎన్నోసార్లు దాని మీద ప్రసంగించాం గాని, ఆ చివరి మాట దగ్గర మేము ఎప్పుడూ ఆగలేదు.

ఆ అమ్మాయి పరీక్షలు రాసింది. మూడు నెలలు మాత్రలు వాడాక హిమోగ్లోబిన్ పదకొండు దాటింది. వచ్చే శ్రమకాలంలో మా సంఘంలో పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థన ఉదయాన్నే ఉంటుంది. ప్రార్థన అయ్యాక జొన్నరొట్టె, పప్పు, ఉడికించిన గుడ్డు పెట్టి బడికి పంపాలని పెద్దలు నిర్ణయించారు. మీ సంఘంలో ఏం చేస్తారో ఈ ఆదివారమే మాట్లాడుకోండి.