జట్టులో మాట

మోటారు సైకిలు పందెము ఒంటరివాని సాహసమని పలువురు తలంతురు. అది సరికాదు. గంటకు 300 కిలోమీటర్లకు పైబడిన వేగమున పోవు వానికి జట్టువారు పలకమీద అంకెలు వ్రాసి చూపుదురు. బండి ముందరి చిన్న తెరమీదికిని కబురు పంపుదురు. రెప్పపాటులో దానిని గ్రహింపవలెను. కావున ఏ గుర్తునకు ఏమి యర్థమో ముందే అందరును కూడి నిర్ణయించుకొనవలెను.

అర్థము తెలిసినంతనే చాలునా? 2017 నవంబరు 12న స్పెయిను దేశపు వలెన్సియాలో జరిగిన పందెమును చూడుడు. ఇటలీవారి డుకాటి జట్టులో స్పెయినువాడగు హోర్హే లోరెంజో, ఇటలీవాడగు ఆంద్రియా డోవిజియోసో సహచరులు. ప్రపంచ విజేత స్థానమునకు మార్క్ మార్క్వెజ్‌తో పోటీపడుచున్న డోవిజియోసో 21 పాయింట్లు వెనుకబడి యుండెను. అతనికి ముందు పోవుచున్న లోరెంజోకు 'మ్యాపింగు 8' అను కబురు పలుమార్లు వచ్చెను. పైకి అది ఇంజను అమరికను గూర్చిన మాట. సహచరునికి దారి విడువుమనుట దాని యంతరార్థము. లోరెంజో విడువలేదు. తాను ముందుండుటయే సహచరునికి మేలని తలచితినని తరువాత చెప్పెను. కడకు ఇరువురును పడిపోయిరి. మార్క్వెజ్ విజేత యయ్యెను. ఆ పతనమునకు ఇదియే కారణమని మేము చెప్పము. కాని మాట చేరినను మనసులు కలియలేదనుట స్పష్టము.

పరదేశపు పందెముతో దేశనూరు పిల్లలకేమి పని యని యడుగవచ్చును. 1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరగా, మన ప్రాంతము మైసూరు రాష్ట్రమున చేరినది. ఇంట తెలుగు, అంగడిలో కన్నడము మనకు నిత్యవ్యవహారము. కబడ్డీ జట్టున ఇరుభాషల బాలురును కలసి ఆడవలసినవారే.

కన్నడము నేర్చిన తెలుగు చెడునని కొందరు తల్లిదండ్రుల భయము. తెలుగు బడిలో చదివిన ఊరివారితో కలియలేరని మరికొందరు బిడ్డలను మాన్పింతురు. రెండును పొరపాటే యని మా అభిప్రాయము. ప్రాథమిక విద్యను మాతృభాషలో నేర్పు వసతి అల్పసంఖ్యాకులకు కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగము 350-ఎ అధికరణమున చెప్పుచున్నది. ఆ వసతిని మనమే చేజార్చుకొనరాదు. ఒకే ప్రాచీన లిపినుండి పుట్టిన కన్నడాక్షరములును మనకు పరాయివి కావు.

విద్యార్థులారా! మన 'పట్టు' వారికి 'హిడి'. మన 'విడు' వారికి 'బిడు'. ఆటకు దిగకమునుపే ఇట్టి మాటలను ఒకరికొకరు నేర్పుకొనుడు. ఆట ముగిసిన పిదపయు మాటలాడుట మానకుడు. నమ్మకము అక్కడనే పెరుగును.