ఒకరి కడుపుమంట – ఇంటిల్లిపాది వ్యవహారం

కడుపులో మంట, పుల్లని త్రేనుపులు, పొట్ట పైభాగాన మెలిపెట్టే నొప్పి – వీటిని మనవారు ఆ మనిషి సొంత వ్యవహారంగానే పరిగణిస్తారు. కారం ఎక్కువ తిన్నాడనీ, వేళకు భోజనం చేయలేదనీ, ఆఫీసు చింతలు ఇంటికి మోసుకొస్తున్నాడనీ నిందిస్తారు. ఈ మాటలలో కొంత నిజం లేకపోలేదు. అయితే జీర్ణాశయపు పుండ్లకు ముఖ్యకారణాలు రెండు: విచ్చలవిడిగా మింగే నొప్పి మాత్రలు ఒకటి, హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి మరొకటి. ఆ సూక్ష్మజీవి ఒకరి నుండి మరొకరికి, అందునా ఇంటిలోని వారి నుండే ఎక్కువగా, సంక్రమిస్తుంది. ఈ సంగతి మన వంటిళ్లకు ఇంకా చేరినట్లు లేదు.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే వైద్యులు 1982లో ఈ జీవిని ప్రయోగశాలలో పెంచగలిగారు. ఆమ్లం నిండిన జీర్ణాశయంలో ఏ క్రిమీ బ్రతకజాలదని అప్పటి వైద్యలోకపు విశ్వాసం. 1984లో మార్షల్ ఆ క్రిములు కలిసిన ద్రవాన్ని తానే త్రాగి, కొద్దిరోజులలో వాంతులతోను, జీర్ణాశయపు వాపుతోను బాధపడి తన వాదాన్ని నిరూపించుకున్నాడు. 2005లో ఇరువురికీ నోబెల్ బహుమతి లభించింది. ఈ క్రిమి యూరియాను విడగొట్టి అమోనియాను పుట్టిస్తుంది. ఆ క్షారాన్ని కవచంగా చేసుకొని ఆమ్లం నుండి తప్పించుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే దీనిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

భయపడవలసినదెంత? క్రిమి ఉన్నవారిలో అధికులకు జీవితాంతం ఏ బాధా కలుగదు. నూటికి పది పదిహేను మందికి పుండు పడవచ్చు. ఒకరి నుండి ముగ్గురి వరకు జీర్ణాశయపు క్యాన్సర్ బారిన పడవచ్చు. మన దేశంలో క్రిమి విస్తారంగా ఉన్నా, ఈశాన్య రాష్ట్రాలను మినహాయిస్తే, ఆ క్యాన్సర్ తక్కువగానే కనబడడం పరిశోధకులకు నేటికీ చిక్కుముడే.

ఇక ఇది వ్యాపించే తీరు. క్రిమి సాధారణంగా బాల్యంలోనే కడుపులో చేరుతుంది; చికిత్స లేకపోతే దశాబ్దాల పాటు తిష్ఠ వేస్తుంది. తల్లిలోను, బిడ్డలోను ఒకే జాతి క్రిమి ఉన్నట్లు అనేక పరిశోధనలు తేల్చాయి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య కూడా ఇది ప్రాకుతుంది. ఇరుకు ఇండ్లలో, ఒకే పక్కమీద నలుగురు పిల్లలు పడుకొనేచోట ఎక్కువ. నోటి నుండి నోటికా, మలం నుండి చేతుల ద్వారా నోటికా, వాంతి ద్వారానా అంటే, మూడింటికీ సాక్ష్యం ఉన్నది. 2006లో ఉత్తర కాలిఫోర్నియా కుటుంబాలపై వెలువడిన ఒక అధ్యయనం, ఇంటిలో క్రిమి ఉన్న వ్యక్తికి వాంతులైనపుడు తక్కినవారికి అది సోకే అవకాశం పెరుగుతున్నదని చూపింది. మన ఇండ్లలో బిడ్డ వాంతి చేసుకొంటే తల్లి కొంగుతో తుడిచి, అదే చేత్తో పక్కబిడ్డకు ముద్ద పెడుతుంది. అది వాత్సల్యమే, కాని క్రిమికి అదే రాజమార్గం.

ఇక్కడ ‘ఎంగిలి’ని గురించి నిష్కర్షగా ఒక మాట చెప్పక తప్పదు. ఎంగిలి పట్ల ఇంత పట్టింపు గల జాతి మరొకటి ఉండదని మనం గర్వపడుతుంటాము. చెంబు పెదవికి తగలకుండా ఎత్తి త్రాగడం, గరిటెను రుచి చూసి మరల గిన్నెలో పెట్టకపోవడం నిస్సందేహంగా మంచి అలవాట్లే. కాని ఆ పట్టింపును మనం ఎవరిపై ప్రయోగించాము? పనిమనిషికి వేరే గ్లాసు, పాలేరుకు వేరే గిన్నె పెట్టాము. కులం పేరిట సాటి మనిషిని గడప అవతల నిలబెట్టాము. గడప లోపల మాత్రం నాయనమ్మ నమిలిన ముద్ద మనుమడి నోటికి, తాతగారు కొరికిన జామపండు మనుమరాలి చేతికి యథేచ్ఛగా అందాయి. ఈ క్రిమి విషయంలో శాస్త్రం చూపుతున్నది ఆ గడప లోపలి వారినే. పనిమనిషి గ్లాసు నిర్దోషి.

రోగాలు ఒకరి నుండి ఒకరికి ప్రాకుతాయన్నది మన ప్రాచీనులకు కొత్త కాదు. సుశ్రుతుడు నిదానస్థానంలో కుష్ఠరోగాన్ని వివరించే సందర్భంలో సహభోజనాన్ని, ఒకే పడకపై పరుండడాన్ని, ఇతరుల వస్త్రాలు ధరించడాన్ని రోగసంక్రమణ మార్గాలుగా పేర్కొన్నాడు. అయితే ఆయన ఎంచిన రోగాలలో ఆమ్లపిత్తం లేదు. కనుక ‘ఈ క్రిమిని మన ఋషులు ఏనాడో కనుగొన్నారు’ అనే ఆర్భాటం మనకు వద్దు.

త్రాగునీటి పాత్ర కూడా ఉన్నది. హైదరాబాదు పరిశోధకులు 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కుళాయి నీరు త్రాగేవారికంటె బావినీరు త్రాగేవారిలో క్రిమి అధికంగా కనబడింది. మురుగుకాలువ ప్రక్కనే బోరు వేయించి, ‘మా నీరు కొబ్బరినీళ్లే’ అని మురిసిపోయే కాలనీవాసులు ఈ మాట గుర్తుంచుకొనవలెను. నీరు మరగకాచి త్రాగడానికి మించిన గృహవైద్యం లేదు.

సమాజం మొత్తానికి చికిత్స చేస్తే ఫలితమెట్లుంటుందో తైవాన్‌కు చెందిన మాత్సు దీవులు చూపాయి. అక్కడ 2004 నుండి 30 ఏళ్లు పైబడిన వారందరికీ శ్వాసపరీక్ష జరిపి, క్రిమి ఉన్నవారికి మందులిచ్చారు. నూటికి 64 మందిలో ఉన్న క్రిమి 2018 నాటికి 15 మందికి తగ్గింది. జీర్ణాశయపు క్యాన్సర్ సగానికి పైగా తగ్గింది. చైనా నిపుణులు 2021లో, రోగి ఒక్కడికే గాక కుటుంబానికంతటికీ పరీక్ష, చికిత్స జరపాలని సూచించారు. మన దేశంలో అందరికీ మందులు పంచడం సాధ్యమూ కాదు, క్షేమమూ కాదు. సగంలో ఆపిన యాంటీబయాటిక్ మందుల వలన, చీటీ లేకుండా కొని మింగిన మాత్రల వలన ఇప్పటికే ఈ క్రిమి కొన్ని ముఖ్యమైన మందులకు లొంగకుండా పోతున్నది.

మరి మన చూర్ణాలు, కషాయాల మాటేమిటి? ధనియాల కషాయం, పలుచని మజ్జిగ, వైద్యుని సలహాపై అవిపత్తికర చూర్ణం మంటను చల్లార్చవచ్చు. అతిమధురం కూడా కొందరికి ఉపశమనమిస్తుంది. రక్తపోటు ఉన్నవారు మాత్రం దాని జోలికి పోరాదు. అయితే ఉపశమనం వేరు, నిర్మూలనం వేరు. వీటిలో ఏదీ క్రిమిని నిశ్శేషంగా తొలగించగలదని నమ్మదగిన ఆధారం లేదు. ఆయుర్వేదాన్ని ప్రేమించేవారే ఈ మాట ముందుగా చెప్పాలి. ఏళ్ల తరబడి చూర్ణంతో మంట అణచుకొంటూ ఉండగా లోపల పుండు పెరిగి, నల్లని విరేచనాలతో అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తిన కుటుంబాలు మన చుట్టూ లేకపోలేదు. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తహీనత కనబడినా, మింగుడు పడకపోయినా వంటింటి వైద్యం అక్కడితో ఆపవలసిందే.

పరీక్షకు వెళ్లేవారు శ్వాసపరీక్ష గాని మలపరీక్ష గాని చేయించుకోవడం మేలు. రక్తపరీక్ష పాత సంక్రమణను, ఇప్పటి సంక్రమణను వేరుచేసి చెప్పలేదు. పరీక్షకు రెండు వారాల ముందు ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్‌లు ఆపవలసి ఉంటుంది. అదీ వైద్యుని అడిగిన పిదపనే. మందుల కోర్సు సాధారణంగా 14 రోజులు. అది ముగిసిన నాలుగు వారాల తరువాత మరల పరీక్ష చేయించి క్రిమి పోయినదో లేదో తెలుసుకోవాలి. ఆనాడే ఇంటిలో మరెవరికైనా అటువంటి బాధ ఉన్నదేమో వైద్యునితో ప్రస్తావించండి.