విమానఘోషకు హద్దును నిద్రయే నిర్ణయించాలి

ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడింటిని దేహానికి ఉపస్తంభములుగా చరకాచార్యులు పేర్కొన్నారు. మొదటిదానిపై గృహస్థులకున్న శ్రద్ధ రెండవదానిపై కానరాదు.

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుండి శంషాబాదుకు తరలినప్పుడు నగరానికి ఆ మోత వదిలిందనుకున్నాము. వదలలేదు, చోటు మారింది. నేడు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కుటుంబాలు స్థలాలు, ఫ్లాట్లు కొనడానికి ఆ దిక్కుకే వెళ్తున్నాయి. అలా వెళ్లిన పెద్దాయన ఒకరు నిద్రలేమితో నా వద్దకు వచ్చారు. నువ్వులనూనెతో పాదాభ్యంగము, రాత్రివేళ గేదెపాలు సూచించాను. కొంత ఉపశమనం కలిగింది గాని, నడిరాత్రి విమానం సాగిపోగానే మెలకువ తప్పలేదు. "మందు మీరిచ్చారు, ఆ మోతనెవరాపుతారండీ?" అన్నారాయన. నా మందులపెట్టెలో దానికి సమాధానం లేదు.

వ్యాధికారణాన్ని తొలగించడమే ప్రథమ చికిత్స అని సుశ్రుతుని మతం. చెవి వాతస్థానం, శబ్దం మితిమీరడం శ్రోత్రేంద్రియానికి అతియోగం. ఆధునికులదీ ఇదే మార్గం. ఐరోపాలోని ఆరు విమానాశ్రయాల పరిసరాలలో జరిపి 2008లో ప్రకటించిన పరిశోధన, రాత్రి విమానశబ్దానికీ అధిక రక్తపోటుకూ సంబంధమున్నదని తెలిపింది.

ఇక హద్దులు చూడండి. ఐరోపాకై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించిన ప్రకారం విమానశబ్దం రాత్రి సగటున 40 డెసిబెళ్లు మించరాదు. మన 2000 నాటి నియమాల ప్రకారం నివాసప్రాంతాలలో రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు హద్దు 45. కాని 2018లో రద్దీ విమానాశ్రయాల శబ్దమండలానికి రాత్రి 65 వరకు అనుమతించారు. పది డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది. అనగా 45కూ 65కూ మధ్య నూరింతల భేదం. నిద్రించే మనిషి దేహం రెండుచోట్లా ఒక్కటే కదా!

విమానాశ్రయం వేలమందికి జీవనాధారం. దానిని మూయమనడం లేదు. హద్దును మాత్రం నిద్రను బట్టి నిర్ణయించి, దానిని చేరుకోవడానికి గడువు విధించాలి. రాత్రి విమానాలను తగ్గించాలి. ఆ మండలంలో కొత్త ఇళ్లకు అనుమతులు నిలపాలి.

అంతవరకు పాఠకులకు నా మనవి. రక్తపోటు మాత్రలను మీ అంతట మీరు మానవద్దు. అటువైపు స్థలం కొనేముందు, బయానా ఇచ్చేలోపే, ఒక రాత్రి అక్కడ గడిపి చూడండి.