తీరం దాకా తారురోడ్డు.. దీవులకు నాటుపడవే దిక్కు

అమలాపురం: కార్తికం దాటి చలిగాలులు మొదలైతే చాలు, కోనసీమ రోడ్లపై పొరుగు జిల్లాల, పొరుగు రాష్ట్రాల కార్లు బారులు తీరడం మామూలైపోయింది. మూడు రోజుల సెలవు, సొంత కారు, చేతిలో సెల్‌ఫోను ఉంటే కాకినాడ నుంచి అంతర్వేది దాకా తీరమంతా చుట్టి రావచ్చన్నది వచ్చేవారి అంచనా. పటం చూస్తే అది నిజమే. కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్లే 216వ నంబరు జాతీయ రహదారి కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు మీదుగా సాగుతూ గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయలను వంతెనలపై దాటిస్తుంది. అంతర్వేదికి మళ్లే దారితో కలిపినా దూరం సుమారు 120 కిలోమీటర్లే. తీరం దాటి దీవికో, లంకకో వెళ్లాలనుకున్నప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. ఇక్కడ ప్రయాణానికి ముహూర్తం పెట్టేది నీరు. ఆ సంగతి యాత్రికుడికి ముందుగా చెప్పే నాథుడే లేడు.

ఈ దారి కొత్తదేమీ కాదు. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో స్నానం చేసి, గోదావరి పాయలు సాగరంలో కలిసే చోట్లను సేవించుకుంటూ అంతర్వేది చేరడాన్ని పెద్దలు సప్తసాగర యాత్ర అన్నారు. కాలినడకన, పడవలపైన సాగిన ఆ యాత్రలో ఏ రేవును ఏ వేళ దాటాలో సరంగును అడిగి తెలుసుకునేవారు. నేడు కారులో వచ్చేవారికి అడగడానికి మనిషి కనిపించడు.

ఉప్పాడ రోడ్డును నమ్ముకుంటే..

తూర్పు నుంచి ప్రారంభించడమే మేలు. సముద్రం ఉదయం పూట నెమ్మదిగా ఉంటుంది, మధ్యాహ్నానికి గాలి పెరుగుతుంది. కాకినాడలో మొదటి రోజు పడవ కుదరకపోతే మర్నాటి ఉదయం ఒకటి చేతిలో ఉంటుంది. చివరి రోజుకు పెట్టుకున్నవారికి ఆ అవకాశం ఉండదు.

కాకినాడ-ఉప్పాడ బీచ్‌రోడ్డు ఈ ప్రాంతంలోకెల్లా అందమైన దారి. అంతే దినదినగండం. అల్పపీడనం పట్టిందంటే కెరటాలు రోడ్డెక్కుతాయి, రాళ్లు కొట్టుకొస్తాయి, రాకపోకలు ఆగిపోతాయి. కోతను ఆపేందుకు వేసిన జియోట్యూబ్ గోడ కొన్నేళ్లకే దెబ్బతింది. ఆ తర్వాత పోసిన బండరాళ్లనూ కడలి వదలలేదు. నదిపై ఆనకట్టలు, జలాశయాలు వెలిశాక సముద్రానికి చేరే ఒండ్రు తగ్గి, గోదావరి డెల్టా తీరం కోతకు గురవుతోందని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. ఉప్పాడ మత్స్యకారులకు ఆ మాట ఎవరూ చెప్పనక్కరలేదు. వారి ఇళ్లే ఒక్కొక్కటిగా నీటిలో కలిసిపోయాయి. సందర్శకులు కెరటాన్ని వెనక పెట్టుకుని ఫొటో దిగే చోట ఒకప్పుడు ఎవరి వాకిలి ఉండేదో! పక్కనే జాందానీ చీర నేసే మగ్గాలున్నాయి. కాసేపు ఆగి చూడదగ్గవి.

కాకినాడకు ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ గోదావరి ఇసుక రెండు శతాబ్దాలుగా పేరుకుని ఏర్పడిన మేట. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. కాకినాడ ఓడరేవుకు అలల తాకిడి తగలకుండా కాపు కాస్తున్నది ఇదే. దీవి 1978లో ఏర్పాటైన కోరింగ అభయారణ్యం పరిధిలోనిది కాబట్టి వెళ్లేముందు అటవీశాఖ అనుమతి విషయం చూసుకోవాలి. రాత్రి బసకు వీలు లేదు. తాగునీరు వెంట తీసుకెళ్లాలి. మరో చిక్కు కూడా ఉంది. యాత్రికులకు అనువైన జనవరి నుంచి మార్చి వరకే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేందుకు ఈ ఇసుకపైకి వస్తాయి. ఆ నెలల్లో దీవిని వదిలేసి కోరింగ మడ అడవిలోని చెక్కవంతెనపై నడవడమే ఉత్తమమని ఈ విలేకరి అభిప్రాయం. 1839 తుఫానుకు నాశనమైన కోరంగి రేవు ఆ పరిసరాల్లోనిదే. అంతటి ఓడల రేవు ఆనవాలు వెతికినా దొరకదు.

లంకరేవుల్లో భద్రత ఏదీ?

యానాంలో పెట్రోలు చవక అన్నది లోకవిదితం. చవకగా దొరికే మరో సరుకు కోసం ఆగే డ్రైవర్లతోనే భయం. గౌతమిపై బాలయోగి వారధి దాటి ఎదుర్లంకలో దిగితే కోనసీమ. ఇక్కడినుంచి రోడ్డుకు ఇరువైపులా లంకలే. కొబ్బరితోటల మధ్య పడవ ప్రయాణం మోజుతో రేవుల్లో నాటుపడవలు మాట్లాడుకునేవారు ఉన్నారు. లైఫ్‌జాకెట్ అడిగితే పడవవాడు నవ్వుతాడు. తన పిల్లలు ఏనాడూ వేసుకోలేదు మరి.

2018 జులైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక వద్ద నాటుపడవ నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభాన్ని ఢీకొని, బడి నుంచి ఇళ్లకు వెళుతున్న విద్యార్థినులు గల్లంతయ్యారు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగి యాభై మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. కచ్చులూరు తర్వాత పాపికొండల మార్గం వంటి పర్యాటక రేవుల్లో నియంత్రణ గదులు వచ్చాయి. పశువుల్లంక వంటి రేవులు ఆ లెక్కలోకి రాలేదు. లంకవాసి నిత్యం దాటే పడవను సర్కారు పర్యాటకంగా చూడదు. సెలవు రోజున అదే పడవెక్కే యాత్రికుడికి ఈ తేడా తెలియదు.

ఇక జులై నుంచి సెప్టెంబరు వరకు వచ్చేవారు వాతావరణం కన్నా ముందు ధవళేశ్వరం లెక్క చూడాలి. ఆనకట్ట వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఎగురవేస్తారు. మొదటి హెచ్చరిక నాటికే పల్లపు కాజ్‌వేలపై కన్ను వేయాలి. చాకలిపాలెం వద్ద కనకాయలంక కాజ్‌వే వరద వచ్చినప్పుడల్లా మునిగేదే. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు లంకలన్నీ జలదిగ్బంధంలో చిక్కుకున్నాయి. పులస కోసం ఆ రోజుల్లోనే బయల్దేరే భోజనప్రియులకు ఈ మాట రుచించకపోవచ్చు.

సంక్రాంతికి వచ్చేవారి ఇబ్బంది వేరు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి తీరాల్సిందే. ఆ మూడు రోజులూ గదులు దొరకవు, రోడ్లు కదలవు.

ఒకే యాత్ర.. మూడు జిల్లాలు

2022 ఏప్రిల్ 4 వరకు యానాం మినహా ఈ దారి అంతర్వేది దాకా తూర్పు గోదావరి జిల్లాలోనిదే. ఏ సమాచారమైనా కాకినాడ కలెక్టరేట్‌లో దొరికేది. జిల్లాల విభజనతో ఉప్పాడ, కోరింగ కాకినాడ జిల్లాకు, లంకలు, అంతర్వేది కోనసీమకు వెళ్లాయి. వసిష్ఠ ఆవలి ఒడ్డు పశ్చిమ గోదావరి. నడుమ యానాం పుదుచ్చేరిది. బీచ్‌రోడ్డు మూసింది లేనిదీ, దీవికి అనుమతి ఉన్నదీ లేనిదీ, పంటు తిరుగుతున్నదీ లేనిదీ ఒక్కచోట చెప్పే ఏర్పాటు లేకపోవడం శోచనీయం. దీనికి కోట్లు అక్కర్లేదు. ప్రతి రేవులో పడవ పరిమితి, చివరి పడవ వేళ రాసిన బోర్డు, ధవళేశ్వరం నీటిమట్టంతో రోజూ మారే ఒక ప్రకటన చాలు. యాత్రికుడి పేరుతో రేవులో పది లైఫ్‌జాకెట్లు పెడితే మర్నాడు బడిపిల్లలకూ అవే అక్కరకొస్తాయి.

మూడో రోజు అంతర్వేదిలో స్వామి దర్శనం, అన్నాచెల్లెళ్ల గట్టు చూసుకున్నాక వెనుదిరగడానికి రెండు దారులు. దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు చేరేది ఒకటి. సఖినేటిపల్లి రేవులో కారును పంటు ఎక్కించి నేరుగా నరసాపురంలో దిగేది రెండోది. ఈ రేవుకు వంతెన కోసం ఉభయ తీరాలవారూ దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నారు. పంటుపై వసిష్ఠను దాటడం మంచి అనుభవమే. గాలివాన పట్టినా, వరద పెరిగినా పంటు కట్టేస్తారు కనుక సఖినేటిపల్లికి మళ్లకముందే మలికిపురంలో ఆగి ఎవరినైనా అడగడం మంచిది.