స్కోరు 58-0.. ఇంతకీ ఆ బడి ఎక్కడుంది?

2021 ఆగస్టు 29, ఆదివారం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కాంటన్ పట్టణం. ఓ హైస్కూలు ఫుట్‌బాల్ మ్యాచ్‌ను ఈఎస్‌పీఎన్ చానెల్ దేశమంతటికీ లైవ్‌లో చూపిస్తోంది. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదిది. హెల్మెట్లు పెట్టుకుని ఒకర్నొకరు గుద్దుకునే అమెరికన్ ఆట. ఒకవైపు ఫ్లోరిడా నుంచి వచ్చిన ఐఎంజీ అకాడమీ, క్రీడాకారుల్ని తయారుచేయడంలో పేరుమోసిన సంస్థ. రెండోవైపు బిషప్ సికమోర్ హైస్కూల్. పేరు వింటే ఏదో పాత మిషనరీ బడి అనిపిస్తుంది. ఆట అయ్యేసరికి స్కోరు 58-0.

ఓడిపోవడం పెద్ద విషయమేమీ కాదు. కానీ ఆట సగంలో ఉండగానే వ్యాఖ్యాతలకు అనుమానం వచ్చింది. కాలేజీలు ఎగరేసుకుపోయే స్థాయి ఆటగాళ్లు మా జట్టులో ఉన్నారని ఈ బడి చెప్పిందనీ, అందులో చాలావరకు తాము నిర్ధారించుకోలేకపోయామనీ వ్యాఖ్యాత అనీష్ ష్రాఫ్ లైవ్‌లోనే అనేశారు. కుర్రాళ్లకు దెబ్బలు తగులుతాయేమోనన్న ఆందోళన కూడా వాళ్ల మాటల్లో వినిపించింది. ఆ భయానికి కారణం ఉంది. అదే జట్టు రెండు రోజుల ముందు, శుక్రవారం, పెన్సిల్వేనియాలో ఇంకో మ్యాచ్ ఆడి వచ్చింది. ఒళ్లు హూనమయ్యే ఆటను మూడు రోజుల్లో రెండుసార్లు ఆడించడం ఏ బడీ చేయదు.

చూస్తున్న జనం ఫోన్లు తీశారు. బడి ఇచ్చిన చిరునామాల్లో ఒకటి వెతికితే ఇండోర్ క్రీడా ప్రాంగణం తేలింది. వెబ్‌సైట్‌లో జట్టు కబుర్లున్నాయి గానీ చదువు ఊసు లేదు. రాష్ట్ర హైస్కూలు క్రీడా సంఘంలో ఆ బడికి సభ్యత్వమే లేదు. రెండు రోజుల్లో కోచ్‌ ఉద్యోగం ఊడింది. రావాల్సిన ప్రత్యర్థి జట్లు ఒక్కొక్కటే మ్యాచ్‌లు రద్దు చేసుకున్నాయి. గవర్నర్ మైక్ డివైన్ విచారణ కోరారు. డిసెంబరులో వచ్చిన రాష్ట్ర విద్యాశాఖ నివేదిక ఇదొక మోసమని తేల్చింది. హైస్కూలు జట్ల మీద ఆడుకోవడానికి, కాలేజీ జట్ల కళ్లలో పడడానికి వాడుకున్న దారి తప్ప ఇక్కడ బడి అనదగ్గది ఏమీ లేదన్నది దాని సారాంశం.

ఎక్కడో అమెరికాలో కుర్రాళ్ల ఆట గొడవ మనకెందుకు అంటారా? ఆ కుర్రాళ్ల స్థానంలో మిమ్మల్ని పెట్టుకుని చూడండి. వాళ్లు వెళ్లింది స్కాలర్‌షిప్ మీద ఆశతో. వాళ్లకు చూపించింది జెర్సీ, టీవీ, పెద్ద స్టేడియం. మీకు చూపించేది గాజు అద్దాల ఆఫీసు, లింక్డ్‌ఇన్ పేజీ, ‘100 శాతం ప్లేస్‌మెంట్’ బోర్డు. తేడా అంతే.

ముందు ఈ మోసం నడిచిన తీరు చూద్దాం. బిషప్ సికమోర్‌కు ముందు అవే చేతులు 2018 ప్రాంతంలో ‘క్రిస్టియన్స్ ఆఫ్ ఫెయిత్ అకాడమీ’ అనే బడిని నడపబోయాయి. పేరులోనే విశ్వాసం. ఒహాయో చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. మత విశ్వాసాల కారణంగా ప్రభుత్వ గుర్తింపు వద్దనుకునే బడులు గుర్తింపు లేకుండానే నడుపుకోవచ్చు. ప్రభుత్వ సొమ్ము తీసుకోకూడదు, ఏటా విద్యాశాఖకు ఒక నివేదిక పంపాలి. చిన్న చర్చి బడులు, నిజంగా నమ్మకంతో నడిచేవి, అలాంటివాటి కోసం పెట్టిన ఏర్పాటిది. బిషప్ సికమోర్ ఈ తలుపులోంచే లోపలికి వచ్చింది. అది ప్రభుత్వానికి చూపిన విద్యార్థుల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఫుట్‌బాల్ జట్టు మైదానంలో దిగాలంటేనే 11 మంది కావాలి! ఆ కాగితం ప్రభుత్వం దగ్గరే ఉంది. మ్యాచ్ ఖాయం చేసినవాళ్లెవరూ దాన్ని అడిగి చూడలేదు.

ఎందుకు చూడలేదంటే, ప్రతివాళ్లూ పక్కవాడు చూసుంటాడనుకున్నారు. ఈఎస్‌పీఎన్ మ్యాచ్‌ల ఎంపికను ఒక మార్కెటింగ్ సంస్థకు అప్పగించింది. ఆ సంస్థ బడి చెప్పిన మాట నమ్మింది. ఇక కొత్తగా చేరే కుర్రాడి సంగతి? టీవీలో వస్తున్నారంటే పెద్ద బడే అయ్యుంటుంది కదా అనుకుంటాడు. మన దగ్గర ‘సీనియర్లు చేరారు కదా’ అన్న మాటకూ దీనికీ ఏమైనా తేడా ఉందా?

ఇందులో టెక్నాలజీ పాత్ర తమాషాగా ఉంటుంది. ఒకప్పుడు అమెరికాలో కోచ్‌లు ప్రత్యర్థి ఆట చూడాలంటే టేపులు, డీవీడీలు పట్టుకుని కార్లలో తిరిగి మార్చుకునేవాళ్లు. 2006లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో చదివిన ముగ్గురు కుర్రాళ్లు లింకన్ నగరంలో హడల్ అనే కంపెనీ పెట్టి ఆ వీడియోలన్నింటినీ ఆన్‌లైన్‌కి తెచ్చారు. ఇవాళ మారుమూల బడి ఆటగాడు కూడా తన మంచి ఆటంతా ఏరి రెండు మూడు నిమిషాల రీల్ చేసి కాలేజీ కోచ్‌లకు పంపుకుంటాడు. బడి మైదానాల్లో మనిషి అక్కర్లేని కెమెరాలు వచ్చాయి, బంతి ఎటు పోతే అటు అవే తిరుగుతాయి. 2020లో స్కాట్లాండ్‌లో ఇలాంటి కెమెరా ఒకటి లైన్స్‌మన్ బట్టతలను బంతి అనుకుని మ్యాచంతా దాని వెంటే తిరిగింది. నవ్వొస్తుంది గానీ, విషయం అక్కడే ఉంది. కెమెరా గుండ్రంగా మెరిసేదాన్ని చూపిస్తుంది. అది బంతో కాదో తేల్చాల్సింది చూసేవాడు.

రీల్ చూసి కోచ్ పిలవచ్చు. కానీ అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం అగ్రశ్రేణి జట్టులో ఆడాలంటే హైస్కూల్లో 16 ప్రధాన కోర్సులు పాసై ఉండాలి. ఆ కోర్సులు సంఘం ఒప్పుకున్నవై ఉండాలి. చదువే చెప్పని బడి నుంచి ఈ మార్కుల పత్రం ఎలా వస్తుంది? బిషప్ సికమోర్‌లో ఆడిన వాళ్లలో కొందరు అప్పటికే హైస్కూలు అయిపోయినవాళ్లు, ఇంకో ఏడాది ఆడితే కాలేజీలో చోటు దొరుకుతుందని వచ్చినవాళ్లు. వాళ్ల చేతిలో మిగిలింది రీల్ ఒక్కటే. మన భాషలో చెప్పాలంటే ప్రాజెక్టు వీడియో ఉంది, మార్కుల మెమో లేదు.

క్రైస్తవ బడులన్నీ ఇలాంటివేనని ఎవరూ అనుకోవద్దు. కొలరాడోలో 2007లో మొదలైన వేలర్ క్రిస్టియన్ హైస్కూల్‌నే చూడండి. ఎన్‌ఎఫ్‌ఎల్ స్టార్ క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ అక్కడే చదివి, అక్కడే ఆడాడు. పేరు, ఆట, బడి మూడూ నిజం. మన హైదరాబాద్ ఆబిడ్స్‌లోని ఆల్ సెయింట్స్ స్కూల్ నుంచి అజారుద్దీన్, అర్షద్ అయూబ్, వెంకటపతి రాజు టెస్టు క్రికెట్‌కు వెళ్లారు. గుంటూరు ఏసీ కాలేజీ 1885 నాటిది. ఇలాంటి సంస్థలు తరాలుగా సంపాదించిన మర్యాద ఉంది చూశారా, దాన్నే మోసగాళ్లు అప్పు తెచ్చుకుంటారు. అప్పు అడగకుండానే అనుకోండి! యూజీసీ నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా తీసి చూస్తే మన రాష్ట్రం కింద కనిపించే రెండు పేర్లు ఇవి: గుంటూరు ‘క్రైస్ట్ న్యూ టెస్టమెంట్ డీమ్డ్ యూనివర్సిటీ’, విశాఖపట్నం ‘బైబిల్ ఓపెన్ యూనివర్సిటీ ఆఫ్ ఇండియా’. జాబితాలో మిగతా రాష్ట్రాల కింద వేరే మతాల, మహానుభావుల పేర్లు పెట్టుకున్నవీ ఉన్నాయి. జనం దేన్ని గౌరవిస్తారో బోర్డు మీద అదే ఉంటుంది.

తెలుగువాళ్లకు తగిలిన దెబ్బ ఇంకా పెద్దది. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అని ఒకటుండేది. తనది క్రైస్తవ విద్యాసంస్థ అని చెప్పుకునేది, తరగతులు ఆన్‌లైన్. 2009లో విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునేందుకు అనుమతి వచ్చింది. రెండేళ్లు తిరక్కుండా 1,500 మందికి పైగా చేరిపోయారు. అత్యధికులు భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచే. సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు రికార్డుల్లో రాసి ఉంది. వందలమంది ఒక్క ఇంట్లో! 2011 జనవరిలో అధికారులు దాడి చేశారు. కొందరు మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. భారత ప్రభుత్వం గట్టిగా నిరసన తెలిపింది. విశ్వవిద్యాలయం పెట్టిన సూసన్ సుకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. మరి అప్పులు చేసి వెళ్లిన పిల్లల సంవత్సరాలు, డబ్బులు? వాటికి ఏ కోర్టులోనూ లెక్క తేలలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ‘గుర్తింపు ఉందో లేదో చూసుకోండి’ అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. ట్రైవ్యాలీకి అనుమతి ఉంది కదా! 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ మరీ విచిత్రం. మిచిగన్‌లోని ఈ విశ్వవిద్యాలయాన్ని పెట్టింది అమెరికా అధికారులే, వల వేయడానికి. వెబ్‌సైట్ ఉంది, ఫేస్‌బుక్ పేజీ ఉంది, ప్రభుత్వ జాబితాలో పేరు ఉంది, గుర్తింపు సంస్థ జాబితాలోనూ ఉంది. లేనివి రెండే: పాఠాలు, పాఠం చెప్పేవాళ్లు. మొదటి విడతలోనే 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. విద్యార్థుల్ని చేర్పించిన 8 మంది మధ్యవర్తులూ నేరం ఒప్పుకున్నారు, వాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. ప్రభుత్వమే జాబితాలో పెట్టి వల వేయడం న్యాయమా అని అప్పుడు పెద్ద చర్చ జరిగింది. నా మటుకు నాకు అది అన్యాయంగానే తోచింది. కానీ చర్చ గెలిచినా పోయిన వీసా తిరిగి రాదు.

కాబట్టి జాబితా చూడడం మొదటి మెట్టు మాత్రమే. రెండో మెట్టు మనుషుల్ని అడగడం. ఒహాయోలో గుట్టు విప్పగలిగింది ‘బడిలో ఎంతమంది పిల్లలు’ అన్న ప్రశ్న. ట్రైవ్యాలీలో ‘వీళ్లంతా ఎక్కడ ఉంటున్నారు’. ఫార్మింగ్టన్‌లో ‘ఈ సెమిస్టర్ మీకు పాఠం చెప్పేది ఎవరు’. మూడూ చిన్నపిల్లలు అడిగే ప్రశ్నలే, మొహమాటం లేకపోతే.

ఉద్యోగం విషయంలోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది. ఆఫర్ లెటర్ ఇచ్చిన కంపెనీ పేరు కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కొట్టండి, ఎప్పుడు పుట్టిందో తెలుస్తుంది. ఆ తర్వాత ఈపీఎఫ్‌ఓ సైట్‌లో ‘ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్’ అని ఉంటుంది. మన కుర్రాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఏ కంపెనీ ఏ నెల ఎంతమంది ఉద్యోగులకు పీఎఫ్ కట్టిందో అందులో కనిపిస్తుంది. ‘మా దగ్గర 400 మంది పనిచేస్తున్నారు’ అన్న సంస్థ 6 మందికే పీఎఫ్ కడుతుంటే, సెక్యూరిటీ డిపాజిట్ పేరుతో అడిగిన డబ్బు కట్టే ముందు ఆ మిగతా 394 మంది ఏరని అడగండి. సమాధానం నిజాయితీగా ఉండొచ్చు, జీతం స్లాబు వల్లో కాంట్రాక్టు వల్లో తేడా రావచ్చు. అడగ్గానే చిరాకు పడితే మాత్రం ఆలోచించుకోవాలి.

క్రీడా టెక్నాలజీలోనే ఉద్యోగం చేయాలని ఉన్నవాళ్లు కూడా మీలో ఉంటారు, వాళ్లకో మాట. రంగం నిజమైనదే. బెంగళూరులో పెరిగిన వాసు కులకర్ణి అమెరికాలో క్రాసోవర్ అనే వీడియో విశ్లేషణ కంపెనీ పెడితే 2018లో హడల్ కొనుక్కుంది. మొదట్లో దొరికే పని ఎక్కువగా మ్యాచ్ వీడియో చూస్తూ ప్రతి పాస్, ప్రతి షాట్ గుర్తు పెట్టడం, ఓపికతో చేయాల్సిన పని. పైకి వెళ్లాలంటే పైథాన్, ఎస్‌క్యూఎల్, గణాంకశాస్త్రం తప్పవు. ‘సర్టిఫైడ్ స్పోర్ట్స్ అనలిస్ట్’ కోర్సు పేరుతో వేలకు వేలు అడిగేచోట, పోయిన బ్యాచ్‌లో చేరినవాళ్లు ఇప్పుడు ఏ జట్టుకు పనిచేస్తున్నారో పేర్లతో అడగండి.

అమెరికాకు దరఖాస్తు చేస్తున్నవాళ్లు ఇంకొక పని చేయండి. విశ్వవిద్యాలయం ప్రభుత్వ జాబితాలో ఉందని తేలాక, మీ విభాగానికి ఫోన్ చేసి, రాబోయే సెమిస్టర్ టైమ్‌టేబుల్, ఒక సబ్జెక్టు చెప్పే ప్రొఫెసర్ పేరు అడగండి. ఆ ప్రొఫెసర్‌కు విడిగా ఈమెయిల్ పెట్టండి. కన్సల్టెన్సీ వాళ్లు ‘మేం కనుక్కుంటాంలే’ అంటే సరే అనండి, మీరూ చేయండి. ఫోన్ ఎత్తిన గొంతు కన్సల్టెన్సీలో విన్న గొంతులాగే ఉంటే, ఆ నంబరు మీకు ఎవరిచ్చారో ఒకసారి చూసుకోండి.