ఆఖరి బస్సు 4:50కి

సంక్రాంతికి ఊరెళ్ళొచ్చినప్పటి నుంచీ ఒక విషయం బుర్రని తొలిచేస్తోంది. రాద్దాం రాద్దాం అనుకుంటూనే రిలీజులూ, రాత్రి కాల్సుతో ఇన్నాళ్ళూ గడిచిపోయింది. ఇవాళ ఆదివారం, కరెంటుంది, మా మేనేజరు ఇంకా నిద్ర లేవలేదు. కాబట్టి మొదలెడుతున్నా.

ముందుగా ఒక నేరం ఒప్పుకోవాలి. బీటెక్ చివరి సంవత్సరంలో రెజ్యూమె తయారు చేసుకునేటప్పుడు అందరిలాగే నేనూ సీనియర్ ఫైలు తెచ్చుకుని పేరు, మార్కులు మార్చుకున్నాను. ఆఖర్లో 'హాబీలు' అన్నచోట ఆయన రాసుకున్న 'చదరంగం, పుస్తక పఠనం' మాత్రం అలాగే ఉంచేశా. ఇంటర్వ్యూ చేసినాయన తాపీగా, "చెస్ ఆడతారన్నమాట. తెల్ల పావులొస్తే మొదటి ఎత్తు ఏం వేస్తారు?" అనడిగాడు. గుర్రం ఎటు దూకుతుందో కూడా నాకు సరిగ్గా తెలీదు. "ఎదుటివాళ్ళ ఎత్తుని బట్టి సార్" అన్నాను గంభీరంగా. తెల్ల పావులే ముందు కదులుతాయని రూములో కొచ్చాక తెలిసింది. మహానుభావుడు నవ్వేసి ఉద్యోగం ఇచ్చేశాడు :)

ఇప్పుడు బల్లకి అటువైపు నేను కూర్చుంటున్నా. ఫ్రెషర్స్ రెజ్యూమెల్లో అదే గడి, అవే మాటలు. క్రికెట్ ఆడటం, పాటలు వినడం, కొత్తవాళ్ళతో స్నేహం చేయడం. వాళ్ళని చూసి నవ్వొస్తుంది గానీ నవ్వడానికి నాకు మొహం చాలదు. పదహారేళ్ళు చదువుకున్నవాడికి, 'నీకేం ఇష్టం' అన్న ఒక్క గడి నింపడానికి పక్కవాడి ఫైలు కావాల్సొస్తోంది.

అసలు విషయానికొస్తే...

మాది పశ్చిమ నెల్లూరులో మర్రిపాడు మండలం. అటు ఉదయగిరి, ఇటు ఆత్మకూరు, మధ్యలో మేము. మా అక్కనీ అక్కడే ఇచ్చారు. వాళ్ళ పాప ఎనిమిదో తరగతి. పండగ రోజు అరిసెలు తింటూ కూర్చుంటే పంచాయితీ నా ముందుకొచ్చింది.

"రేయ్, పాప సాయంత్రం బళ్ళో ఉండి ఖోఖో నేర్చుకుంటానంటా ఉంది. మీ బావేమో ఫోన్లో కోడింగ్ క్లాసుకి డబ్బులు కడతానంటా ఉండాడు. నువ్వు ఆ పన్లోనే ఉండావు గదా, నువ్వే చెప్పు" అంది అక్క.

బావ ఊరుకోలేదు. "ఖోఖో ఆడి ఏం చేస్తాది బావా? నువ్వు ఖోఖో ఆడే బెంగుళూరు పోయినావా?"

పాప మాత్రం నా చెవి దగ్గరకొచ్చి, "మామా, పోలు పట్టుకుని తిరిగేదాంట్లో నేనే ఫస్టు" అంది.

బావ ప్రశ్న తీసిపారేసేది కాదు. మా ప్రాంతం సంగతి తెలిసినవాళ్ళకి ఆ భయం అర్థమవుతుంది. వానని నమ్ముకున్న సేద్యం. పిల్లలకి చదువొక్కటే బయటికి దారి. నన్ను ఆరో తరగతిలోనే తీసుకెళ్ళి ఒక రెసిడెన్షియల్ స్కూల్లో పడేశారు. పొద్దున్న అయిదింటికి లేపి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్సే. ఎంసెట్ ర్యాంకు వచ్చింది, ఇంజినీరింగ్ సీటొచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఆ స్కూలు మా ఇంటి అప్పు తీర్చింది. అది కాదంటే అబద్ధమవుతుంది.

అదే స్కూల్లో నాకొక రెండు వందల పేజీల తెల్లనోటు ఉండేది. దాన్నిండా బొమ్మలు. ఎద్దులబండి, బావి మోటారు, మా తాత మొహం... అన్నీ బాల్‌పెన్నుతోనే. ఒకరోజు రాత్రి వార్డెన్ చూసి, "ఇవి పరీక్షలో వస్తాయా?" అనడిగి అందరి ముందూ చింపేశాడు. కొట్టనైనా లేదు. నేనూ ఏడవలేదు. ఆ తర్వాత ఎందుకో మళ్ళీ గియ్యలేదు. నిరుడు ఆన్‌లైన్లో ఖరీదైన స్కెచ్‌బుక్ తెప్పించుకున్నా. మొదటి పేజీలో సగం కప్పు ఉంది. మిగతా సగం ఎప్పుడు పూర్తవుతుందో తెలీదు.

దీన్నొక పెద్ద విషాదంగా చెప్పడం నా ఉద్దేశం కాదు. నేను గొప్ప చిత్రకారుణ్ణి అయ్యుండేవాణ్ణని కూడా అనను. కానీ వారాంతంలో రెండు రోజులు ఖాళీగా ఉంటే ఏం చేయాలో తోచక ఫోను తోస్తూ కూర్చునే వాళ్ళు మన ఆఫీసుల్లో ఎంతమంది లేరు? పని తప్ప ఇంకేదీ రాని మనుషులం మనం. ఆ పని ఒకరోజు పోతే (లేఆఫుల కాలం, మీకు తెలియంది కాదు) మిగిలేది ఏంటి?

'నీకేం ఇష్టం?' అని అడిగితే చాలా?

ఈమధ్య చదువుకున్న తల్లిదండ్రులు ఒక మెట్టు పైకెక్కారు. "మా వాడి ఇష్టమేనండీ, ఏం చేరతావురా అని వాణ్ణే అడిగాం" అంటారు. మంచిదే. కానీ డెమో చూపించకుండా క్లయింటుని రిక్వైర్‌మెంట్స్ చెప్పమంటే ఏం చెప్తాడో మనకి తెలీదూ? చూసిందే చెప్తాడు. పిల్లలూ అంతే. ముట్టుకోనిదాని మీద ఇష్టం ఎక్కడి నుంచొస్తుంది?

మాలావత్ పూర్ణనే తీసుకోండి. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, అమ్మానాన్నా వ్యవసాయ కూలీలు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ 2014 మే 25న, ఇంకా పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటే ఎక్కాడు. అంతకు ఏడాది ముందు "నీ హాబీ ఏంటమ్మా?" అని ఫారం ఇచ్చుంటే పూర్ణ 'పర్వతారోహణ' అని రాసేదా? గురుకులాల సొసైటీ వాళ్ళు పిల్లల్ని భువనగిరి గుట్ట దగ్గరికి తీసుకెళ్ళి తాడు చేతికిచ్చారు. ఇష్టం ఆ తర్వాత పుట్టింది.

ఇంకో కథ మనందరికీ తెలిసిందే, గుకేశ్. చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. 2024 డిసెంబరులో సింగపూర్లో డింగ్ లిరెన్‌ని ఓడించి, 18 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ వారమంతా మా టీమ్ గ్రూపులో, డాక్టరైన వాళ్ళ నాన్న ప్రాక్టీసు మానుకుని కొడుకు వెంట తిరిగిన సంగతే. నాలుగో తరగతి తర్వాత అబ్బాయి రోజూ బడికెళ్ళడం మానేసిన సంగతే. అది చదివి ఇద్దరు ముగ్గురు తండ్రులు తమ పిల్లలకి కోచింగుల వేట మొదలెట్టారు కూడా. కథ మొదలు మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. 2013లో ఏడేళ్ళ పిల్లాడిగా గుకేశ్ చెస్ మొదలెట్టింది వారానికి మూడు రోజులు, రోజుకో గంట. అంతే! ఆ గంటలో వాడికది నచ్చకపోయుంటే? మానేసేవాడు, ఎవరికీ నష్టం ఉండేది కాదు. తండ్రి త్యాగం చాలా తర్వాతి సంగతి. మనవాళ్ళు త్యాగంతో మొదలెడుతున్నారు. ముందే ఏడాది ఫీజు కట్టేసి, పిల్ల మానేస్తానంటే "డబ్బులు కట్టాం కదే" అంటున్నారు.

అమెరికాలో ఉన్న మన మిత్రులది ఇంకో అవస్థ. శనివారం పొద్దున్న కూచిపూడి, మధ్యాహ్నం కుమాన్, సాయంత్రం స్పెల్లింగ్. పాపం కారు నడిపే తండ్రికి కూడా ఆ టైంటేబులు నోటికి రావాలి. స్పెల్లింగ్ బీల మీద నాకేం కోపం లేదు. చిట్టూరి రత్నంగారు 1989లో పెట్టిన నార్త్ సౌత్ ఫౌండేషన్ అటు పోటీలు నడుపుతూ, ఇటు మన దేశంలో పేద విద్యార్థులకి స్కాలర్‌షిప్పులిస్తోంది. 2024లో జాతీయ స్పెల్లింగ్ బీ గెలిచిన బృహత్ సోమ తెలుగువాడే. సంతోషమే. కానీ గెలిచే పిల్లాడు ఒకడు. మిగతా పిల్లలకి ఆ శనివారాలు ఎలా గడిచాయన్నది కూడా లెక్కలోకి రావాలి కదా. ఇష్టపడి నేర్చుకున్నవాడికి ఓడినా మాటల మీద ప్రేమ మిగులుతుంది. తరిమితే నేర్చుకున్నవాడికి ఏం మిగులుతుంది?

కోడింగ్ సంగతి

ఇక బావ అడిగిన కోడింగ్. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో ఆరేళ్ళ పిల్లలకి కోడింగ్ రాకపోతే కొంప మునుగుతుందన్నట్టు వైట్‌హ్యాట్ జూనియర్ ప్రకటనలు టీవీ నిండా వచ్చేవి, గుర్తుందా? ఆ ఆగస్టులో బైజూస్ దాన్ని 30 కోట్ల డాలర్లకి కొన్నది. అదే ఏడాది ప్రకటనల ప్రమాణాల మండలి కొన్ని ప్రకటనల్ని వెనక్కి తీసుకోమంది. 2024కల్లా బైజూసే దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఆ కంపెనీల గొడవ అలా ఉంచండి, అవి నాటిన భయం మాత్రం మా మర్రిపాడు దాకా వచ్చి కూర్చుంది.

ఈ వృత్తిలో ఉన్నవాడిగా చెప్తున్నా. నేను కీబోర్డు మీద మొదటి ప్రోగ్రాం కొట్టింది బీటెక్ మొదటి ఏడాది సీ ల్యాబ్‌లో. మా టీములో సగం మంది అంతే. ఆలస్యమైనందుకు మాకెవరికీ ఉద్యోగాలు ఆగలేదు. పైగా ఇప్పుడు మామూలు కోడు యంత్రమే రాసేస్తోంది. పిల్లకి ఇష్టమై నేర్చుకుంటే కోడింగ్ కూడా ఖోఖో అంత మంచి ఆటే. ఉద్యోగం కోసమని పదమూడేళ్ళకే మొదలెట్టాల్సినంత తొందర మాత్రం లేదు.

అసలు అడ్డం

ఇదంతా బావకి చెప్పాను. సగం ఒప్పుకున్నట్టే కనిపించాడు. అప్పుడు అక్క అసలు సంగతి బయటపెట్టింది. బడి నాలుగింటికి వదుల్తారు. మా ఊరికి బస్సు 4:50కి. అది తప్పితే మళ్ళీ రాత్రి ఎనిమిదింటికే. ఖోఖో ప్రాక్టీసు అయ్యేసరికి అయిదున్నర.

అక్కడికి నా ఉపన్యాసం ఆగిపోయింది. ఇంతసేపూ ఆసక్తి, స్వేచ్ఛ, పిల్లల మనసు అని మాట్లాడాను. మా ఊళ్ళో పిల్లల హాబీల్ని నిర్ణయించేది బస్సు టైము. మగపిల్లలు ఎలాగోలా ఏ లారీయో, బండో ఆపి వచ్చేస్తారు. ఆడపిల్లలు 4:50కల్లా బస్టాపులో ఉండాల్సిందే.

అక్క నెమ్మదిగా అంది, "నేనూ ఎనిమిదిలో ఖోఖో ఆడేదాన్ని రా. జిల్లాకి పోయే జట్టులో పేరు కూడా రాసుకున్నారు. నాయన వద్దన్నాడు. అప్పుడూ బస్సే." ముప్పై నాలుగేళ్ళ మా అక్క ఖోఖో ఆడేదని నాకు ఆ రోజే తెలిసింది. నేను హాస్టల్లో ఉన్నాగా! నా చిరిగిన నోటుబుక్కు గురించి ఇన్నేళ్ళు నలుగురికీ చెప్పుకున్నాను. అక్క ఎవరికీ చెప్పుకోలేదు.

2020 జాతీయ విద్యా విధానంలో ఒక మంచి మాట ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్యలో ఒక పది రోజులు పిల్లలు పుస్తకాల సంచి లేకుండా, ఊళ్ళోని వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని. దీనికి మా ప్రాంతం కంటే మంచి చోటేది? పక్కనే ఉదయగిరిలో దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి చెక్కతో చెంచాలు, ఫోర్కులు చెక్కే కుటుంబాలున్నాయి. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బెంగుళూరు ఎగ్జిబిషన్లో ఆ చెంచాలు కొని మురిసిపోతాం. ఆ ఉలి ఎలా పట్టుకుంటారో మా మండలం పిల్లల్లో ఎంతమంది చూసుంటారు? ఊరూరా చెక్కభజన నేర్పే గురువులున్నారు, బట్టలు కుట్టేవాళ్ళున్నారు. నేర్పేవాళ్ళకి కరువు లేదు. కావాల్సింది ఒక గంట సమయం, ఆ గంట తర్వాత పిల్లని క్షేమంగా ఇంటికి చేర్చే బండి.

అందుకని నా మటుకు నేను కొన్ని నియమాలు పెట్టుకున్నా. ఏం చేరాలో పిల్లే చెప్పాలి. ముందు రెండు మూడు చూపించాలి. చేరాక మూడు నెలలు మానకూడదు, మూడు నెలల తర్వాత మానేస్తానంటే ఒక్క మాట కూడా అనకూడదు. మొదటి ఏడాది పోటీలూ, కప్పులూ అడగకూడదు. పెద్దవాళ్ళ పని బండి, చిరుతిండి, చూడ్డానికొచ్చి చప్పట్లు కొట్టడం. అంతవరకే.

జనవరి 2025లో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచ కప్పు జరిగితే ఫైనల్లో నేపాల్‌ని ఓడించి మన అమ్మాయిలు గెలిచారు. బావని ఒప్పించడానికి ఆ ముక్క వాడదామని నాలుక దాకా వచ్చింది. వాడలేదు. కప్పు పేరు చెప్పి ఒప్పిస్తే రేపు కప్పు తెమ్మంటాడు.

చివరికి తేలిందేంటంటే, అటువైపు ఊళ్ళ నుంచి ఆటకి ఉండాలనుకునే ఆడపిల్లలు ఆరుగురున్నారట. ఆరుగురికీ కలిపి ఒక ఆటో మాట్లాడారు. తెలిసినవాడే, వారానికి మూడు రోజులు. మనిషికి నెలకి 400. ఇద్దరు పిల్లల వాటా నేను పంపుతానన్నా. నెలకి రెండు పిజ్జాల ఖర్చు. అంత చిన్న అడ్డానికి మా అక్క ఆట ఆగిపోయిందని తల్చుకుంటే ఇప్పటికీ ఎట్టానో ఉంటుంది.

బయల్దేరేటప్పుడు బస్సు దగ్గర అక్క ఒక్కటే అంది, "మూడు నెలల తర్వాత పాప మానేస్తే నువ్వు మాత్రం ఆటో ఆపబాక. మిగతా పిల్లోళ్ళు ఉంటారు."

మీలో ఊరున్నవాళ్ళందరికీ ఒక చిన్న మాట. ఈసారి ఊరెళ్ళినప్పుడు పిల్లల్ని మార్కులెన్నని అడగండి, తప్పులేదు. దాంతోపాటు బడి వదిలాక ఆఖరి బస్సు ఎన్నింటికో కూడా అడగండి.